గడ్డి మేసిన పశువు మాంసం వేరు, దాణా తిన్నది వేరు అంటున్నారు: తేడా అసలెంత?

సందేహాలరావు
ఇంట్లో కొన్నాళ్లుగా ఇదే రభస. మా తమ్ముడు 'పచ్చిక మేసిన పశువు మాంసమే కొనాలి, దాణా తిన్నది తిన్నా ఒకటే మానేసినా ఒకటే' అని పంతం పట్టాడు. దాని ధర చూస్తే గుండె గుభేలుమంటోంది. నా వాదన ఒకటే: పశువు ఏం తిన్నా చివరికి కండగా మారాల్సిందే కదా. కండ కండే. అందులో గడ్డి ప్రొటీన్, మొక్కజొన్న ప్రొటీన్ అని రెండు రకాలుంటాయా? వాడేమో ఒమేగా-3 అంటాడు, సీఎల్‌ఏ అంటాడు, అదేంట్రా అంటే వీడియో పంపిస్తాడు. ఆ వీడియోలో మాట్లాడే ఆయన అమ్మేది ఆ మాంసమే.

తెలిసినవాళ్లు మామూలు మాటల్లో చెప్పండి. కోడికీ మేకకీ కూడా ఇదే లెక్కా? లింకులు మాత్రం వద్దు, ఫోను నిండా అవే ఉన్నాయి.

పచ్చికబయలు
తమ్ముడే రైటు. పశువు పుట్టింది గడ్డి తినడానికి. గింజలు మేపడం మొదలుపెట్టింది అది త్వరగా బరువెక్కాలని, మన ఆరోగ్యం కోసం కాదు. ఒమేగా-3, విటమిన్ ఇ, బీటా కెరోటిన్, సీఎల్‌ఏ అన్నీ గడ్డి మేసినదాంట్లోనే ఎక్కువ. ఇందులో చర్చించడానికి ఏముంది?

తిండిపోతు
నేను మేకను తింటాను. మేక ఏం తిందన్నది మేక పర్సనల్.

నెమరుడాక్టర్
రావు గారూ, పశువైద్యం నా వృత్తి కాబట్టి కొంచెం పొడుగ్గా చెప్తా, ఓపిక పట్టండి.

ప్రొటీన్ సంగతిలో మీరన్నది చాలావరకు నిజం. కండలో ఏ అమైనో ఆమ్లం ఎంత ఉండాలన్నది జన్యువులు తేలుస్తాయి, మేత కాదు. మేత చాలకపోతే పశువు చిక్కిపోతుంది, కండ తగ్గుతుంది. ఉన్న కండలో ప్రొటీన్ నాణ్యత మాత్రం మారదు. కొవ్వు లేని పచ్చి మాంసం 100 గ్రాములు తీసుకుంటే 20 నుంచి 22 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, ఏం మేసినా సరే.

తేడా అంతా కొవ్వులో, కొవ్వులో కరిగే విటమిన్లలో. ఇక్కడ ముందు అడగాల్సింది 'అది ఏం తింది' అని కాదు, 'దానికి ఎలాంటి పొట్ట ఉంది' అని. ఆవు, గేదె, గొర్రె, మేక నెమరు వేసేవి. వాటి తిండి నేరుగా ఒంటికి పట్టదు. మొదట పెద్దపొట్టలో సూక్ష్మజీవులు దాన్ని పులియబెడతాయి. పచ్చగడ్డిలో కొవ్వు తక్కువే, కానీ ఉన్నదాంట్లో సగం దాకా ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం, అంటే మొక్కల్లో దొరికే ఒమేగా-3. మొక్కజొన్న కొవ్వులో పెద్ద వాటా లినోలెయిక్ ఆమ్లం, అది ఒమేగా-6. పెద్దపొట్టలోని సూక్ష్మజీవులకు ఈ రెండూ గిట్టవు. హైడ్రోజన్ ఎక్కించి గట్టి కొవ్వుగా మార్చేస్తాయి. గడ్డిలో ఉన్న ఒమేగా-3లో నూటికి 85 పాళ్ల పైనే అక్కడే రూపు మారిపోతుంది. తప్పించుకున్న కాస్తే పేగుల్లోకి, అక్కణ్నుంచి కండలోకి చేరుతుంది. నిండా పచ్చగడ్డి మేసిన ఆవు కొవ్వు కూడా గట్టిగానే ఉండేది అందుకే. మార్పు మధ్యలో ఆగిపోయి బయటపడ్డ కొవ్వు ఆమ్లాలే వాక్సెనిక్ ఆమ్లం, మీ తమ్ముడి సీఎల్‌ఏ (కాంజుగేటెడ్ లినోలెయిక్ ఆమ్లం).

కోడికి, పందికి ఈ ఏర్పాటు లేదు. అవి తిన్న కొవ్వు దాదాపు ఉన్నదున్నట్టు ఒంట్లో కూర్చుంటుంది. కాబట్టి మేత మారిస్తే మాంసం బాగా మారేది ఆవులో కాదు, కోడిలోనూ పందిలోనూ. ప్రచారం మాత్రం ఆవు గురించే ఎక్కువ, అదేం విచిత్రమో.

పెంకిఘటం
అంటే తమ్ముడు ఓడిపోయాడు. థ్రెడ్ మూసేయొచ్చు.

పచ్చికబయలు
ఎక్కడ ఓడాడు? డాక్టర్ గారే చెప్పారు కదా, కొంత తప్పించుకుని కండలోకి చేరుతుందని. గడ్డి మేసిన పశువులో ఒమేగా-6కీ ఒమేగా-3కీ నిష్పత్తి రెండుకి ఒకటి, అంతకన్నా తక్కువ కూడా ఉంటుంది. గింజలు తిన్నదాంట్లో ఏడుకి ఒకటి, ఇంకా పైన. ఇది చిన్న తేడానా?

లెక్కలమాస్టారు
నిష్పత్తి చెప్పినప్పుడల్లా జేబు తడుముకోవాలి. అసలు పరిమాణం ఎంతో చెప్పండి.

నేనే చెప్తా. గడ్డి మేసిన పశువు కొవ్వు తక్కువ మాంసం 100 గ్రాముల్లో ఒమేగా-3లు అన్నీ కలిపినా పదుల మిల్లీగ్రాములే. బాగా ఉదారంగా 80 అనుకుందాం. పెద్ద మగవాళ్లకు రోజుకు 1.6 గ్రాములు, ఆడవాళ్లకు 1.1 గ్రాములు ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం కావాలని అమెరికా పోషకాహార ప్రమాణాలు అంటున్నాయి. అంటే రావు గారు రోజుకు రెండు కిలోల మాంసం లాగించాలి. దంచిన అవిసె గింజలు ఒక టేబుల్ స్పూను వేసుకుంటే ఆ 1.6 గ్రాములూ వచ్చేస్తాయి. పశువు చేత గడ్డి మేపించి, దాని పొట్టలో 85 పాళ్లు పోగొట్టుకుని, మిగిలింది మనం తినడం ఏం బేరం?

తిండిపోతు
రెండు కిలోలు అనేసరికి మాస్టారు భయపెడుతున్నారో ఊరిస్తున్నారో అర్థం కాలేదు.

పచ్చికబయలు
మాస్టారూ, మీ లెక్కలో ఒకటి వదిలేశారు. అవిసెలో ఉన్నదీ మాంసంలో ఉన్నదీ ఒకటి కాదు. మన ఒంటికి అసలు కావాల్సినవి చేపల్లో దొరికే పొడుగాటి ఒమేగా-3లు, అంటే ఈపీఏ, డీహెచ్‌ఏ. అవిసె తింటే ఒళ్లు వాటిని తయారు చేసుకోవాలి. ఈపీఏగా మారేది నూటికి కొద్ది పాళ్లు, డీహెచ్‌ఏగా మారేది దాదాపు సున్నా. మాంసంలో ఈపీఏ, దానికి తోడు అదే కోవకు చెందిన డీపీఏ తయారుగా ఉంటాయి. చేపలు ముట్టనివాళ్లకు అదే గతి. బ్రిటిష్ జర్నల్ ఆఫ్ న్యూట్రిషన్‌లో 2011లో ఒక అధ్యయనం వచ్చింది. నాలుగు వారాలు గడ్డి మేసిన పశువు, గొర్రె మాంసం తిన్నవాళ్ల రక్తంలో ఒమేగా-3 పెరిగింది, గింజలు మేసినది తిన్నవాళ్లలో పెరగలేదు.

ప్రయోగశాల_పిల్ల
ఆ అధ్యయనం నేనూ చదివాను. మీరు చెప్పింది నిజమే, మిగతా సగం కూడా చెప్పాలి: కొలెస్టరాల్‌లో, ట్రైగ్లిజరైడ్లలో, రక్తపోటులో ఆ రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. రక్తంలో ఒక పదార్థం పెరగడం వేరు, దానివల్ల మనిషికి ఒరిగేది వేరు. నాలుగు వారాల్లో గుండె జబ్బు తగ్గిందో లేదో ఎలాగూ తెలీదనుకోండి.

డీహెచ్‌ఏ సంగతైతే ఆవు మాంసంలో ఏం మేసినా నామమాత్రమే. అది కావాలంటే చేప, లేదా నాచు నూనె.

గొర్రెలకాపరి
నేను గొర్రెలు పెంచుతా. ఇక్కడ అందరూ ఒమేగా అంటుంటే ఒక మాట చెప్పాలనిపించింది. కొనేవాళ్లు మొదట అడిగేది 'పచ్చిక మేసిందేనా' అని. ఆ తర్వాత మాట 'కొవ్వంతా తీసేసి ఇవ్వు' అని. పచ్చిక వల్ల మారేది కొవ్వే అయితే, దాన్ని తీసి పారేయించి దేనికి ఎక్కువ డబ్బు ఇస్తున్నట్టు?

పెంకిఘటం
ఈ థ్రెడ్‌లో ఇంతవరకు వచ్చిన అన్నింటికన్నా తెలివైన పోస్టు ఇదే.

నెమరుడాక్టర్
ప్రశ్న భలే ఉంది కాపరి గారూ, కానీ పూర్తిగా అలా కాదు. మాంసంలో కొవ్వు రెండు చోట్ల ఉంటుంది. పైన, కండల మధ్య పేరుకునేది నిల్వ కొవ్వు. కత్తితో తీసేది దాన్నే. కండ కణాల పొరల్లో ఉండేది ఇంకొకటి, ఫాస్ఫోలిపిడ్లు. ఈపీఏ, డీపీఏ లాంటి పొడుగాటి ఒమేగా-3లు చేరేది ఎక్కువగా ఆ పొరల్లోనే. కత్తికి అవి దొరకవు. కొవ్వు తీసేస్తే నష్టపోయేది సీఎల్‌ఏ, బీటా కెరోటిన్. పొరల్లో ఉన్నది మీతోనే వస్తుంది.

కాకపోతే ఆ పొరలు ఉండేదే కొంచెం. మాస్టారి లెక్క అక్కడికే వచ్చి ఆగుతుంది.

అర్ధరాత్రి_ఆకలి
పసుపు రంగు కొవ్వు ఉంటే పచ్చిక మేసినట్టు గుర్తు అని విన్నాను, నిజమేనా? గొర్రెలో చూస్తే ఎప్పుడూ తెల్లగానే కనిపిస్తుంది. అంటే అమ్మేవాళ్లందరూ మోసం చేస్తున్నారా?

గొర్రెలకాపరి
గొర్రెకు ఆ గుర్తు పనికిరాదు. నా మంద చీకటి పడేదాకా పచ్చికలోనే ఉంటుంది, కొవ్వు మల్లెపూవంత తెలుపు.

నెమరుడాక్టర్
అవును. బీటా కెరోటిన్‌ను అలాగే కొవ్వులో దాచుకునేది ఆవు. గొర్రె, మేక, గేదె దాన్ని విటమిన్ ఎగా మార్చేసుకుంటాయి, అందుకే వాటి కొవ్వు తెల్లగా ఉంటుంది. ఆవు కొవ్వు పసుపుగా ఉంటే పచ్చిమేత తిన్నదని అనుకోవచ్చు. అది ముసలి ఆవు కూడా కావచ్చు, కొన్ని జాతుల్లో పసుపు సహజంగానే ఎక్కువ. కాబట్టి రంగు చూసి తీర్పు చెప్పకండి.

గుడ్డుకైతే ఇంకా నమ్మకండి. పచ్చసొన రంగు కోళ్ల దాణాలో బంతిపూల పొడి కలిపి ఎంత కావాలంటే అంత తెప్పించొచ్చు. రంగుకు ఒక కొలత బద్ద కూడా ఉంది, ఏ నంబరు కావాలో చెప్పి మరీ తయారు చేస్తారు.

అర్ధరాత్రి_ఆకలి
చిన్నప్పటి నుంచీ ఎర్రటి సొన చూసి మురిసిపోయినవాణ్ని. ఇవాళ రాత్రి నిద్ర పట్టదు.

ప్రయోగశాల_పిల్ల
గుడ్డు మాట వచ్చింది కాబట్టి చెప్తా. మేత తేడా కళ్లకు కట్టినట్టు కనిపించేది అక్కడే. కోడి దాణాలో అవిసె కలిపితే గుడ్డులో ఒమేగా-3 వందల మిల్లీగ్రాములకు వెళ్తుంది. పైగా కోడి కాలేయం అవిసెలోని దాన్ని కొంత డీహెచ్‌ఏగా మార్చి సొనలో పెడుతుంది, మనకన్నా నయం. ఎండలో తిరిగే కోడి గుడ్డులో విటమిన్ డి కూడా ఎక్కువే. కోడి మాంసంలోనూ ఇదే ధోరణి, ముఖ్యంగా తొడ భాగంలో, ఎందుకంటే రొమ్ము భాగంలో కొవ్వు తక్కువ.

ఇబ్బంది ఏమిటంటే అవిసె, చేప నూనె మోతాదు మించితే గుడ్డు, మాంసం నీచు వాసన కొడతాయి.

మూడోకన్ను
నీచు వాసన సంగతి మా ఇంట్లో అడగండి. పెరట్లో కోళ్లకు మా అత్తయ్య చేపల తలలు, తోకలు దండిగా వేసేది, బలమని. ఆ గుడ్లతో కేకు చేస్తే పుట్టినరోజు పిల్లాడు 'ఇది చేప కేకా' అని అడిగాడు. ఆవిడ ఇప్పటికీ కోడి తప్పంటుంది.

తిండిపోతు
చేప కేకు 😂 దీనికి పేటెంట్ తీసుకోండి.

పెంకిఘటం
ఒక ప్రశ్న నిజాయితీగా అడుగుతున్నా. గింజలు మేసిన పశువులో ఓలియిక్ ఆమ్లం ఎక్కువట, ఆలివ్ నూనెలో ఉండేది అదే. ఆ లెక్కన గింజలు తిన్నదే గుండెకు మంచిదని ఎందుకు అనకూడదు?

నెమరుడాక్టర్
మీ హ్యాండిల్‌కు న్యాయం చేశారు. మాట నిజమే: ప్రతి 100 గ్రాముల కొవ్వులో చూస్తే గింజలు మేసినదాంట్లో సాధారణంగా ఓలియిక్ ఎక్కువ. గడ్డి మేసినదాంట్లో స్టియరిక్ ఎక్కువ. అది సంతృప్త కొవ్వే అయినా చెడ్డ కొలెస్టరాల్‌ను పెద్దగా పెంచదు. పెంచేవి పామిటిక్, మిరిస్టిక్. అవి గింజల వైపే కొంచెం ఎక్కువ కనిపిస్తాయి. పైగా గింజలు మేసిన పశువుకు మొత్తం కొవ్వే ఎక్కువ, కండ లోపల తెల్లని చారల్లా పడుతుంది. రుచి దాంతోనే వస్తుంది, కేలరీలూ దాంతోనే వస్తాయి. 100 గ్రాముల కొవ్వుతో పోల్చాలా, 100 గ్రాముల మాంసంతో పోల్చాలా అన్నదాన్ని బట్టి మీకు నచ్చిన జవాబు వస్తుంది. వ్యాపారులు రెండు వైపులా చేసేది అదే.

లెక్కలమాస్టారు
ఈ పోస్టును పైన పిన్ చేయండి ఎవరైనా.

కొత్తసభ్యురాలు_9
ఇన్నాళ్లూ చదవడమే, ఇదే నా మొదటి పోస్టు. నాకు రక్తహీనత. తెలిసినావిడ ఒకరు పచ్చిక మేసిన మాంసంలో ఐరన్ రెట్టింపు ఉంటుందని చెప్పి కొనిపిస్తోంది. ఇందాకటి నుంచి అందరూ కొవ్వు గురించే మాట్లాడుతున్నారు. ఐరన్ కూడా మేతను బట్టి మారుతుందా?

నెమరుడాక్టర్
రెట్టింపు ఏమీ ఉండదమ్మా. కండలో ఐరన్ ఎక్కువగా మయోగ్లోబిన్‌లో, అంటే కండకు ఎర్ర రంగునిచ్చే ప్రొటీన్‌లో ఉంటుంది. అది జంతువు జాతి, వయసు, కండ ఎంత పని చేస్తుంది అన్నవాటిని బట్టి ఉంటుంది. ఆవు మాంసంలో కోడి రొమ్ము కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. కోడిలోనే రొమ్ము కన్నా తొడలో ఎక్కువ. కాలేయంలో ఇంకా ఎక్కువ. బాగా తిరిగిన పశువు కండ కొంచెం ముదురు రంగులో ఉండొచ్చు, గడ్డికీ గింజకీ మధ్య మాత్రం అంత తేడా రాదు.

మేత ఐరన్‌ను మార్చేసే సందర్భం ఒకటుంది. లేత రంగు మాంసం కోసం కొన్ని చోట్ల దూడలను గడ్డి పెట్టకుండా ఎక్కువగా పాల మీదే పెంచేవారు. పాలలో ఐరన్ అతి తక్కువ కాబట్టి దూడకే రక్తం తగ్గి మాంసం పాలిపోయేది. ఆ తెలుపునే గొప్ప నాణ్యతగా అమ్మారు.

మీరైతే ముందు రక్తహీనతకు కారణం ఏమిటో వైద్యుల దగ్గర తేల్చుకోండి. మాంసం ఎంపికతో నయమయ్యేది కాకపోవచ్చు. గర్భంతో ఉంటే కాలేయం ఎక్కువ తినకండి, విటమిన్ ఎ మోతాదు మించుతుంది.

కొత్తసభ్యురాలు_9
చాలా థాంక్స్ డాక్టర్ గారూ. గర్భం కాదు. ఆవిడకు ఈ పోస్టు ఫార్వర్డ్ చేస్తున్నా.

ప్రయోగశాల_పిల్ల
ఖనిజాల్లో మేతకు నిజంగా లొంగేది సెలీనియం. అదీ గడ్డా గింజా అని కాదు, ఆ మేత ఏ నేలలో పండింది అని. ఫిన్లాండ్ నేలల్లో మొక్కలకు అందే సెలీనియం తక్కువ. అందుకని 1980ల మధ్య నుంచి ఎరువుల్లోనే సెలీనియం కలపడం మొదలుపెట్టారు. మేతలోకి వెళ్లింది, మాంసంలోకి, పాలలోకి వెళ్లింది, చివరికి జనం రక్తంలో స్థాయిలు పెరిగాయి. ఒక దేశం మొత్తం తిండిని నేల దగ్గర మొదలుపెట్టి మార్చారు. నాకు ఈ మొత్తం సబ్జెక్టులో ఇంతకన్నా ఆసక్తికరమైన ఉదాహరణ కనపడలేదు, దీని గురించి ఎవరూ వీడియోలు చేయరు.

నెమరుడాక్టర్
దానికి తోడుగా బీ12. దాన్ని తయారు చేసేవి పెద్దపొట్టలోని సూక్ష్మజీవులే. వాటికి కావాల్సింది మేతలో రవ్వంత కోబాల్ట్. న్యూజిలాండ్‌లో కొన్ని ప్రాంతాల్లో మోకాలెత్తు గడ్డి మధ్య గొర్రెలూ పశువులూ ఎండిపోయి చచ్చిపోయేవి. 'బుష్ సిక్‌నెస్' అనేవారు. 1930లలో తేలింది, ఆ నేలలో కోబాల్ట్ లేదని. పచ్చగా ఉన్నదల్లా పోషకం కాదు పచ్చికబయలు గారూ.

గొర్రెలకాపరి
ఈ సంగతి నాకు తెలీదు, అద్భుతంగా ఉంది. మా మందకు ఖనిజాల ఇటుక వేలాడదీస్తా, నాకుతుంటాయి. అందులో కోబాల్ట్ ఉంటుందని రేపరు మీద చూశా, ఎందుకో ఇవాళ తెలిసింది.

పచ్చికబయలు
సరే, ఐరన్, ప్రొటీన్ వదిలేయండి. విటమిన్ ఇ మాటేమిటి? అది గడ్డి మేసినదాంట్లో రెండు మూడు రెట్లు ఎక్కువ, ఎవరూ కాదనలేరు.

లెక్కలమాస్టారు
కాదనను. పెద్దవాళ్లకు రోజుకు 15 మిల్లీగ్రాములు కావాలి. 100 గ్రాముల మాంసంలో, ఆ మూడు రెట్లు కలిపి, ఒక మిల్లీగ్రాము కూడా రాదు.

పచ్చికబయలు
మీరు మాస్టారా లేక దాణా కంపెనీ ఏజెంటా?

లెక్కలమాస్టారు
రిటైర్డ్ మాస్టారు. కంపెనీవాళ్లు పిలిస్తే ఆలోచిస్తా.

ప్రయోగశాల_పిల్ల
ఇద్దరూ ఆగండి. ఆ విటమిన్ ఇ మన రోజువారీ లెక్కకు అందకపోయినా మాంసానికే పనికొస్తుంది. ఒమేగా-3 ఎక్కువున్న కొవ్వు గాలి తగిలితే త్వరగా కనరెక్కుతుంది. గడ్డి మేసిన మాంసంలో విటమిన్ ఇ కూడా వస్తుంది కాబట్టి తట్టుకుంటుంది, ఎర్ర రంగు ఎక్కువసేపు నిలుస్తుంది. అవిసె నూనె మాత్రం పోసి విటమిన్ ఇ మరిచిపోయిన దాణాతో పెరిగిన మాంసం మా ల్యాబ్‌కు వచ్చింది ఒకసారి. ఉడికించి ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు మూత తీస్తే పాత నూనె డబ్బా వాసన. కాగితం మీద మాత్రం ఒమేగా-3 బ్రహ్మాండంగా ఉంది. మా సార్ రుచి చూడమంటే ఎవరూ ముందుకు రాలేదు.

మూడోకన్ను
మీరంతా పోషకాలు లెక్కపెడుతున్నారు గానీ దాణా ద్వారా వచ్చే అసలు ప్రమాదం ఎవరూ అనట్లేదు. బ్రిటన్‌లో పశువులకు పశువుల మాంసం, ఎముకల పొడే మేపారు. పిచ్చి ఆవు జబ్బు అలాగే వ్యాపించింది. 1988లో ఆ మేతను నిషేధించారు, 1996లో అది మనుషులకు కూడా వస్తోందని ప్రభుత్వం ఒప్పుకుంది. 1999లో బెల్జియంలో కోళ్ల దాణాలో డయాక్సిన్ అనే విషపదార్థం కలిసింది. బరువు పెరగడానికి దాణాలో యాంటీబయాటిక్స్ కలపడం యూరప్‌లో 2006 దాకా పూర్తిగా ఆగలేదు. ఒమేగా నిష్పత్తి కన్నా ఇవి పెద్దవి కాదా?

పచ్చికబయలు
అదీ మాట!

నెమరుడాక్టర్
పెద్దవే. కానీ అవి మేతలో కల్తీ, కక్కుర్తి గురించిన కథలు. శుభ్రమైన మొక్కజొన్న, సోయా చెక్క తిన్న కోడికి వాటితో సంబంధం లేదు. పచ్చికకూ దాని గండాలు దానికున్నాయి: కలుషితమైన నేల పక్కన మేస్తే ఆ సీసం, కాడ్మియం కాలేయంలోకి, మూత్రపిండాల్లోకి చేరతాయి.

నిర్వాహకుడు
భద్రత గురించి వేరే థ్రెడ్ తెరవండి, ఇక్కడ పోషకాలు మాత్రమే. మాస్టారినీ పచ్చికబయలునీ ఒకే థ్రెడ్‌లో ఉంచడమే మాకు చాలా పని.

సందేహాలరావు
ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారని అనుకోలేదు. తమ్ముడికి మొత్తం చదివి వినిపించా. డాక్టర్ గారి మొదటి పోస్టు విని కాసేపు మౌనంగా ఉండి, 'సీఎల్‌ఏ క్యాన్సర్‌ను అడ్డుకుంటుంది, దాని సంగతి చెప్పమను' అన్నాడు. చెప్పండి మరి.

ప్రయోగశాల_పిల్ల
దాని కథ బావుంటుంది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో మైకేల్ పరీజా బృందం నిప్పుల మీద కాల్చిన గొడ్డు మాంసంలో క్యాన్సర్ తెచ్చే పదార్థాల కోసం వెతుకుతుంటే, అడ్డుకునేదొకటి దొరికింది. 1980లలో. అదే సీఎల్‌ఏ అని తర్వాత తేల్చారు. ప్రయోగాలు ఎలుకల మీద. మనుషుల మీద చేసిన పరీక్షల్లో మాత్రలుగా రోజుకు 3 గ్రాములు, అంతకు మించి కూడా ఇచ్చారు, ఒళ్లు తగ్గుతుందేమో చూద్దామని. తగ్గింది స్వల్పం. మాంసం నుంచి వచ్చేది పదుల మిల్లీగ్రాముల్లో. మాత్రల్లో ఉండే రకమూ మాంసంలో ఉండే రకమూ కూడా పూర్తిగా ఒకటి కాదు. క్యాన్సర్‌ను అడ్డుకుంటుందని మనుషుల్లో తేలలేదు. తమ్ముడి పంతాన్ని అడ్డుకోవడం కూడా దానివల్ల కాలేదు చూశారుగా.

తిండిపోతు
చేపలు తినమన్నారు కదా పైన. చేపకైతే ఈ మేత గొడవ లేదు, హాయి.

ప్రయోగశాల_పిల్ల
అయ్యో, అక్కడే ఎక్కువ. పెంపకం సాల్మన్‌కు ఒకప్పుడు చేప నూనె పోసేవారు. అది చాలక మొక్కల నూనెలు కలపడం పెరిగింది. స్కాట్లాండ్ పెంపకం సాల్మన్‌లో ఈపీఏ, డీహెచ్‌ఏ 2006కీ 2015కీ మధ్య సుమారు సగానికి పడిపోయాయి. ఆ సగమే ఆవు మాంసం కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ అనుకోండి.

తిండిపోతు
చేప కూడా దాణా తింటోందా! ఇక మేకే దిక్కు.

పెంకిఘటం
సరే, ఎవరైనా కొనాలనే అనుకుంటే 'గడ్డి మేసినది' అన్న చీటీని ఎంతవరకు నమ్మొచ్చు?

గొర్రెలకాపరి
పెంచేవాడిగా చెప్తున్నా. పుట్టిన కొన్నాళ్ల దాకా దాదాపు ప్రతి పశువూ గడ్డి మీదే ఉంటుంది. కాబట్టి ఆ మాట అబద్ధం కాకుండానే మభ్యపెట్టొచ్చు. అడగాల్సింది 'చివరి నెలల్లో ఏం పెట్టారు' అని. కోతకు ముందు బరువు కోసం గింజల మీద పెడితే, పెట్టినకొద్దీ పచ్చిక వల్ల వచ్చిన తేడా కరిగిపోతూ వస్తుంది.

ఇంకోటి, ఎండాకాలం ఎండుగడ్డి మేసినా అది గడ్డి మేసినట్టే లెక్క. పచ్చిదానికీ దానికీ పోలికే లేదు.

నెమరుడాక్టర్
కాపరి గారు చెప్పిన రెండోది ముఖ్యం. గడ్డి కోసి ఎండబెడితే ఒమేగా-3 చాలా పోతుంది, బీటా కెరోటిన్ ఇంకా పోతుంది. పచ్చిగానే పాతరేసి పులియబెట్టిన గడ్డి (సైలేజీ) కొంచెం నయం. అమెరికా వ్యవసాయ శాఖకు ఈ చీటీ మీద ఒక ప్రమాణం ఉండేది, 2016 జనవరిలో దాన్ని ఉపసంహరించుకుంది.  ఫ్రాన్స్‌లో బ్లూ-బ్లాంక్-కర్ అనే సంఘం 2000 నుంచి ఇంకో దారి పట్టింది. గడ్డి, అవిసె లాంటివి మేపమంటుంది, ఆ తర్వాత కొవ్వులో ఏం చేరిందో కొలుస్తుంది. నాకు నచ్చేది అది: ఏం మేపారో చెప్పడం కన్నా ఏం వచ్చిందో చూపించడం.

సందేహాలరావు
ఇంట్లో రాజీ కుదిరింది. ఆవు, మేక మాంసానికి మామూలుదే కొంటాం, అవిసె మేపిన కోడి గుడ్లు తెస్తాం, వారంలో రెండుసార్లు చేప. మిగిలిన డబ్బు తమ్ముడు ఏదో పచ్చిక బయళ్ల సంరక్షణకు ఇస్తానంటున్నాడు, అది వాడిష్టం.

పచ్చికబయలు
తమ్ముణ్ని ఈ ఫోరంలో చేర్పించండి. ఇక్కడ నేనొక్కడినే అయిపోయాను.

గొర్రెలకాపరి
డాక్టర్ గారూ, పోయే ముందు ఒకటి. గొర్రెల దాణాలో నేను కూడా అవిసె కలిపితే ఫలితం ఉంటుందా? పెద్దపొట్ట ఎలాగూ మార్చేస్తుందన్నారు కదా.

నెమరుడాక్టర్
కొంత ఉంటుంది. నూనెగా పోస్తే సూక్ష్మజీవుల పాలవుతుంది. గింజగా ఇస్తే పెంకు కొంత కాపాడుతుంది. కానీ మొత్తం గింజ వేస్తే కొన్ని నమలకుండానే అటునుంచి బయటికొస్తాయి. బరకగా నలగ్గొట్టి, కొద్దికొద్దిగా అలవాటు చేయండి. మేత మొత్తంలో కొవ్వు, ఎండు బరువు లెక్కన నూటికి ఆరు ఏడు పాళ్లు దాటనివ్వకండి, దాటితే గడ్డి అరగడమే మందగిస్తుంది. నలగ్గొట్టింది నిల్వ పెట్టకండి. కనరు వాసన వస్తే గొర్రె మూతి తిప్పుకుంటుంది.

గొర్రెలకాపరి
గొర్రె వదిలేస్తే మేకలున్నాయి లెండి, అవి సంచితో సహా తినేస్తాయి.

తిండిపోతు
పైన చెప్పాను, అది మేక పర్సనల్.